మబ్బుకు అటువైపు నూకరత్నం

స్వాతి కార్తె, మొదటి రోజు

పొద్దు పొడవగానే పై గాలులను కొలిచే బెలూన్ వదిలాను. గాలి లేదు. అది నిలువునా లేచి, ఉప్పునీళ్ల సరస్సులో ఒంటికాలి మీద నిద్రపోతున్న రాజహంసల గుంపును దాటి, బూడిదరంగు వెలుగులో కలిసిపోయింది. తరువాత నత్తలదిబ్బ చుట్టూ నడిచి మెరుపు పలకలు తుడిచాను. గాలిలో విద్యుత్తు ఎంత పేరుకుందో చెప్పే ఇనుప పళ్లేలవి. బోర్లించిన వంటపాత్రల్లా నేలమీద కూర్చుని ఉంటాయి. తెల్లారేసరికి వాటిమీద ఉప్పు పడుతుంది. తుడవకపోతే లేనిదాన్ని ఉందంటాయి, ఉన్నదాన్ని లేదంటాయి.

చేతులు కడుక్కుని రేడియోలో పాళేలను పిలిచాను. పాత తీరం మునిగిపోయాక జనం తెప్పలు కట్టి సముద్రం మీదే ఊళ్లు వేసుకున్నారు. మా దిబ్బ నుంచి లేచే రాకెట్ దారి కింద ఆ పాళేలు వరసగా ఉంటాయి. రాకెట్‌కు ఏదైనా జరిగితే మనుషులున్న గది విడిపోయి వాటి దగ్గర్లోనే ఎక్కడో పడుతుంది. అందుకని మా నెత్తిమీద ఆకాశం ఎంత తేటగా ఉన్నా చాలదు. ఆ దారి పొడవునా సముద్రం కూడా పడిన మనుషుల్ని తిరిగి ఇచ్చేంత నెమ్మదిగా ఉండాలి.

"మా కాడ అల మోకాలెత్తు గూడా లేదు" అంది ఐదో పాళెం పెద్ద కాటమ్మ. "పిల్లకాయలు ఈదతా ఉండారు. రాసుకో."

రాసుకున్నాను. చివరగా నూకరత్నాన్ని పిలిచాను.

ఆమె గొడుగు కాపరి. భూమి మరీ కాగిపోయిన రోజుల్లో, మా తాతల కాలంలో, ఈ సముద్రం మీద ఆకాశంలో చాలా ఎత్తున ఎండకు అడ్డంగా గొడుగు పరిచారు. ఉల్లిపొర కంటే పల్చటి రేకులు, ఒక్కొక్కటి ఒక జిల్లా అంత. అవి చిరక్కుండా చూసుకోవడానికి ఇద్దరు మనుషులు ఎప్పుడూ అక్కడే ఉంటారు. రేకుల పని కాక నూకరత్నానికి ఇంకో పని ఉంది. మనుషులు ఎక్కని రాకెట్‌కు యంత్రాల మాట చాలు. మనిషి ఎక్కితే మాత్రం, పైనుంచి ఒక మనిషి కన్ను చూసి ఔననాలి. అది నియమం. ఆ కన్ను ఆమెది. కింద నుంచి చూసే కన్ను నాది. ఏళ్లుగా ఒకే మబ్బును చెరోవైపు నుంచి చూస్తున్నాం. ఒకరినొకరం ఎప్పుడూ చూడలేదు.

"ఏటి వకుళమ్మా, నీ మబ్బు ఇయాల ఏకిన దూదిలాగుంది" అంది. "అంచులన్నీ ఊడిపోతన్నాయి. మద్దేనానికి ఏటీ మిగల్దు."

"నువ్వు ఎట్టుండావక్కా?"

"కడుపులో నొప్పి. తిన్నది పడినట్టు లేదు. నువ్వు కంగారు పడిపోకు."

మధ్యాహ్నానికి ఆమె చెప్పినట్టే మబ్బు పోయింది.

స్వాతి, కొన్ని రోజులకు

దిబ్బ మీద వైద్యం చూసే డాక్టర్ షంషాద్ నా గదికి వచ్చి, కుర్చీలో ఉన్న తడిబట్టలు తీసి పక్కన పెట్టి కూర్చుంది. ఇక్కడ బట్టలు ఆరవు. వాటిని మనుషుల్లాగే కుర్చీల్లో కూర్చోబెడతాం.

"అపెండిక్స్" అంది. "వాచి, లోపల చీము కట్టింది. పైన ఉన్న మందులతో కొంతకాలం అణిచిపెట్టచ్చు. పగిలిందంటే ఇంక మనం చేసేది ఏమీ ఉండదు."

"కిందికి దించితే?"

"దిగేటప్పుడు మీద పడే బరువుకే పగిలిపోద్ది. ఆమె రాలేదు. నేనే పైకి పోవాల."

రాకెట్ సిద్ధం చేస్తున్నారు. నడిపేది తిరుపాలు. మూడో మనిషి నూకరత్నం చోట ఉండబోయే కొత్త కాపరి. షంషాద్ ఇంతవరకు దిబ్బ దాటి ఎత్తుకు వెళ్లింది పిడుగుల్ని పట్టే మెరుపు స్తంభం మెట్ల మీద మాత్రమే.

"నాకు రాకెట్టంటే భయం లేదు వకుళా" అంది లేస్తూ. "దాన్ని చేసినోళ్లు నాకు తెలుసు. ఆకాశాన్ని చేసినోడే తెలీదు. నువ్వు చూసుకో."

స్వాతి, నడిమి రోజులు

ఇవాళ అన్నీ కుదిరాయి. మబ్బు లేదు. పై గాలులు ఒకే దిక్కుకు వీస్తున్నాయి. ముగ్గురూ పైకెక్కి కూర్చున్నారు. తలుపు మూశారు. నేను పాళేలను వరసగా పిలుస్తూ పోయాను. మొదటి నాలుగు పాళేల దగ్గరా సముద్రం అద్దమే. ఐదోచోట కాటమ్మ వెంటనే పలకలేదు. వెనకనుంచి దుంగలు గుద్దుకుంటున్న చప్పుడు వినిపించింది.

"పొద్దున లేదుమే ఇది" అంది. "ఈశాన్యం నుంచి పొంగు వస్తా ఉండాది. గాలి లేదు, ఏం లేదు. ఊరికే సముద్రం లేస్తా ఉండాది. మా తెప్పలు ఒకదాన్నొకటి గుద్దుకుంటా ఉండాయి. ఈ నీళ్లలో మనుషులు పడితే మా పడవలు పోలేవు."

ఎక్కడో, మాకు కనపడనంత దూరంలో, ఏదో తుఫాను నిద్రలో పక్కకు ఒత్తిగిలి ఉంటుంది. దాని కదలిక ఇన్నాళ్లకు కాటమ్మ గుమ్మం దాకా వచ్చింది.

ప్రయోగ అధికారి వరదరాజులుగారు నా వైపు చూశారు. కాదన్నట్టు తల ఊపాను.

షంషాద్ హెల్మెట్ చంకలో పెట్టుకుని మెట్లు దిగివచ్చింది. "ఆకలేస్తా ఉంది" అంది.

స్వాతి, చివరి రోజులు

సముద్రం పడుకుంది. ఐదు పాళేలూ సరేనన్నాయి. దక్షిణాన ఒక పెద్ద మబ్బు ఉంది కానీ, దాని వాన దూరంగా సముద్రంలో పడిపోయింది. అది చల్లారిందని రాడార్ చెప్పింది. మెరుపు పలకల ముళ్లు కదలడం లేదు. గదిలో ఒక్కొక్కరూ 'సరే' అంటూ వచ్చారు. చివరికి పైనున్న కన్ను మిగిలింది.

ఆమెతో ఉన్న రెండో కాపరి జకరయ్య ఆమెను కిటికీ దగ్గరకు తెచ్చాడు. మొదట ఊపిరి వినపడింది. చాలాసేపటికి గొంతు.

"వకుళా. దక్షిణాన ఆ పెద్ద మబ్బు ఉంది సూడు. దాని తల పీటలాగ చదునుగా పరుసుకుంది. ఆ పీట అంచు మీ దారి మీదకి వస్తంది."

"చూస్తా ఉండామక్కా. అది చల్లారిపోయిందంట."

"సల్లారలేదు. ఇప్పుడే లోపల ఎలిగింది. ఒక్కపాలే. గుడిసెలో ఎవరో దీపం ఎలిగించి, గబుక్కున ఊదేసినట్టు."

మా పలకలకు ఏదీ అందలేదు. మబ్బులో కొద్దిగా విద్యుత్తు మిగిలి ఉన్నా చాలు, అందులోంచి లేచే రాకెట్టే దానికి తీగ అవుతుంది. అది గదిలో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు.

"బాగా చూసినావా అక్కా?" అని అడిగాను.

అడుగుతుండగానే, ఎందుకు అడుగుతున్నానో నాకే అర్థమైంది. లేదనడానికి ఆమెకు ఒక దారి తెరిచి పెడుతున్నాను.

"సూసేను" అంది నూకరత్నం. "వాళ్లని దించీండి."

అదే రోజు, పొద్దు వాలేటప్పుడు

ఆ మబ్బు మళ్లీ మెరవలేదు. మా దిబ్బ పక్కగా, పెళ్లి ఊరేగింపు వెళ్లినంత తీరుబడిగా తూర్పుకు వెళ్లి, సముద్రం మీద విడిపోయింది. ఆకాశం మెత్తగా, ఖాళీగా ఉంది. వరదరాజులుగారు రెండు గ్లాసుల టీ తెచ్చి, నా పక్కన గట్టు మీద కూర్చున్నారు.

"రాకెట్‌ని పంపుండచ్చు" అన్నారు.

"పంపుండచ్చు సార్."

"పంపితే ఏమీ కాకుండా ఉండచ్చు."

"ఉండచ్చు."

టీ తాగారు. "ఆమె నోరు మూసుకోనుంటే మనకి తెలిసేది కాదు గదమ్మా" అన్నారు. అది నింద కాదు. అద్భుతాన్ని చూసిన మనిషి గొంతు అది.

ఆయన వెళ్లాక పైకి పిలిచాను. జకరయ్య మైకు ఆమెకు ఇచ్చాడు.

"ఎందుకు చెప్పినావక్కా?"

"ఎందుకేటి? సూసినదాన్ని సూళ్లేదని సెప్పమంటావా?" కాసేపు మూలిగింది. "ముగ్గురు కూకున్నారు కదే దాంట్లోన. నా ఒక్కదాని కడుపునొప్పికి ముగ్గుర్ని మబ్బులో పెట్టి కాల్సమంటావా? తిన్నావేటి నువ్వు?"

తినలేదు. తిన్నానని చెప్పాను.

విశాఖ కార్తె, ప్రవేశం

పాలమబ్బు దిగింది.

గొడుగు పట్టిన తరువాతే ఇది మొదలైందంటారు. విశాఖ కార్తెలో సరస్సు మీద తెల్లగా కూర్చుంటుంది. ఎండ సగమే కాబట్టి దాన్ని లేపేవాళ్లు ఉండరు. కార్తె వెళ్లేదాకా వెళ్లదు. రాకెట్ స్తంభానికి తల పోయింది, తరువాత నడుము పోయింది. మనుషులు ఒకరినొకరు పిలుచుకుంటూ నడుస్తున్నారు. రాజహంసలు నీళ్లు లేని చోట, నేల లేని చోట, తెల్లటి ఏమీలేనిదాని మీద అడుగులు వేస్తున్నాయి. వంటమనిషి గంట కొడితే ఆ చప్పుడు ఏ దిక్కునుంచి వస్తోందో తెలియక, తడుముకుంటూ వెళ్లి భోజనాల గది అనుకుని పెట్రోలు షెడ్డులోకి దూరాను.

దీనిలోంచి రాకెట్ పంపకూడదు. లేచింది మాకు కనపడదు. పడితే పాళేలకు కనపడదు.

"పెరుగు తోడెట్టినట్టుంది" అంది పైనుంచి నూకరత్నం. గొంతులో జ్వరం ఉంది. "సరస్సు లేదు, దిబ్బ లేదు. నువ్వు దాని కింద ఎక్కడున్నావో తెలీడం లేదు. ఓ పాలి సెయ్యి ఊపు."

చెయ్యి ఊపాను. కింద ఎవరికీ కనపడలేదు.

విశాఖ, మరికొన్ని రోజులకు

ఇవాళ ఆమె మాట్లాడలేదు. జకరయ్యే మాట్లాడాడు. బాపట్ల తీరం మనిషి. ఎప్పుడూ రెండు మాటలకు మించడు.

"మందు పనిచేయట్లేదండి" అన్నాడు. "నిన్న రాత్రి నన్ను వాళ్ల నాన్న అనుకుందండి. వల లాగమని నా మీద కేకలేసింది. లాగానండి. ఏం లాగానో నాకే తెలీదు, ఊరికే చేతులు అట్టా అన్నాను. అప్పుడు పడుకుంది."

షంషాద్ పక్కనే ఉండి విన్నది. ఎన్ని రోజులు ఆగొచ్చు అని ఎవరూ అడగలేదు. ఆమె ముఖం చూస్తే చాలు.

కార్తె వెళ్లేదాకా ఆగలేం. పాలమబ్బును లేపాలి. దాన్ని లేపగలిగింది ఒక్క ఎండే. ఎండ గొడుగుకు అటువైపు ఉంది.

తెల్లారిందాకా కూర్చుని లెక్క వేశాను. తీరానికి ఎదురుగా ఉన్న రేకును పొద్దు పొడిచేటప్పుడు పక్కకు తిప్పితే, పూర్తి ఎండ మా మీద పడుతుంది. పాలమబ్బు కరుగుతుంది. కానీ సముద్రం ఇప్పటికే వెచ్చగా ఉంది. ఆ తడి అంతా పైకి లేస్తుంది. మధ్యాహ్నానికల్లా మబ్బులు స్తంభాల్లా పెరిగి ఉరుముతాయి. పాలమబ్బు పోయి, ఉరుముల మబ్బు ఇంకా రాని సందు ఒకటి ఉంటుంది. అది ఎంతసేపో నేను చెప్పలేను. మేం పుట్టాక గొడుగు ఎప్పుడూ తెరవలేదు.

విశాఖ, మరుసటి రోజు

వరదరాజులుగారు అంతా విన్నారు.

"తరవాత వచ్చే గాలివాన ఎవరి మీద పడుతుంది?"

"పాళేల మీద సార్. ఎక్కువగా ఐదోదాని మీద."

"అయితే నన్ను కాదు అడగాల్సింది."

ఆయనే రేడియో నా ముందుకు జరిపారు. కాటమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. పైన ఒక మనిషి చచ్చిపోతోంది. ఎండ తెరిస్తే డాక్టరు వెళ్లగలదు. తెరిచినందుకు సాయంత్రానికి మీ మీద గాలివాన పడుతుంది. ఎంత పెద్దదో తెలియదు. మీరు వద్దంటే తెరవం.

"ఆమేనా, మొన్న మబ్బులో మెరుపుండాదని చెప్పి వాళ్లని దింపించింది?" అని అడిగింది.

"ఆమే."

అవతల ఆడవాళ్లు, మగవాళ్లు ఒకేసారి మాట్లాడుకోవడం వినిపించింది. ఎవరో గట్టిగా వద్దన్నారు. ఎవరో వాళ్లను కసిరారు. ఒక మేక అరిచింది. నేను చెవి దగ్గర రేడియో పట్టుకుని, వాళ్ల మాట కోసం కూర్చున్నాను.

"పిల్లకాయల్ని, మేకల్ని నడిమి తెప్పలోకి తెచ్చుకుంటాం" అంది కాటమ్మ చివరికి. "కూరగాయల తెప్పలు మాత్రం కట్టుకోలేం, పెద్దయి. పోతే పోతాయి. తెరవండి."

తక్కిన పాళేలూ ఒప్పుకున్నాయి. మూడో పాళెం వాళ్లు ఒకటే అడిగారు, ఎండ చూస్తే కళ్లు పోతాయా అని. నేరుగా సూర్యుణ్ణి చూడొద్దని చెప్పాను. మా నాన్నమ్మ చెప్పిన మాట అది.

ఎండ పడిన రోజు

ముగ్గురూ చీకటి ఉండగానే ఎక్కి కూర్చున్నారు. పైన జకరయ్య బయటికి వెళ్లాడు. రేకును చేతి చక్రంతో తిప్పాలి, ఇద్దరి పని. అతనొక్కడే తిప్పాడు. లోపల నూకరత్నం తనను కిటికీకి పట్టీలతో కట్టించుకుంది. మత్తు మందు వద్దందట. కన్ను మూతపడుతుందని.

మొదట ఏమీ తెలియలేదు. తరువాత తూర్పున పాలమబ్బు అంచు పసుపు నీళ్లు పోసినట్టు అయింది. ఆ పసుపు తెలుపులోకి ఇంకుతూ, మా వైపు నడిచి వచ్చింది. మబ్బు లోపలినుంచి వెలగడం మొదలుపెట్టింది. నా మెడ వెనక ఎవరో వెచ్చటి అరచెయ్యి పెట్టినట్టయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

చూస్తుండగా మబ్బు పీలికలైంది. పీలికలు సరస్సు మీద దారి తప్పిన గొర్రెల్లా తిరిగి, ఒక్కొక్కటే మాయమయ్యాయి. స్తంభానికి నడుము వచ్చింది, తల వచ్చింది. రాజహంసలన్నీ ఒక్కసారి లేచాయి. అవి గులాబీ రంగువని నాకు తెలుసు. అంత గులాబీ అని తెలియదు. దిబ్బ మీద పనివాళ్లందరూ బయటికి వచ్చి నేలకేసి చూస్తున్నారు. మా నీడలకు ఎప్పుడూ అంచు ఉండేది కాదు, నేలమీద తడిలా ఉండేవి. ఇప్పుడు అందరి పాదాల దగ్గరా కత్తెరతో కోసినట్టు ఒక్కో నల్లటి మనిషి. వంటమనిషి దాన్ని తొక్కకుండా దాటబోయి, దాటలేక నవ్వింది.

"వకుళా" అంది షంషాద్ రాకెట్‌లోంచి. "కిటికీలో నీలంగా ఏందో ఉండాది. ఆకాశమేనా?"

"ఆకాశమే డాక్టరమ్మా."

పాళేలు ఒక్కొక్కటిగా పలికాయి. కనపడతా ఉంది. కనపడతా ఉంది. మా కాడా కనపడతా ఉంది.

అప్పటికే పడమట, నేల వైపు, చిన్న చిన్న మబ్బులు తలలెత్తుతున్నాయి. మెరుపు పలకల ముళ్లు వణికాయి. నేను అనుకున్నదానికంటే త్వరగా. ఇంధనం నింపడం ఇంకా పూర్తి కాలేదు.

"అక్కా, పెరుగుతుండాయా?"

"పుట్టగొడుగుల్లాగ లెగుస్తన్నాయి" అంది నూకరత్నం. ప్రతి మాటకూ ఊపిరి కూడగట్టుకుంటోంది. "పడమటివి బేగి పెరుగుతన్నాయి. మీ మీద ఏటీ లేదు. ఒలమ్మో, ఎంత బాగుందే మీ సరస్సు. గాజులాగుంది."

"అక్కా, మబ్బులు."

"సూస్తన్నాను. ఉండు."

ముళ్లు ఇంకొంచెం లేచాయి. హద్దు దాటలేదు. పడమటి మబ్బు ఒకటి తల తెల్లగా, గట్టిగా అయింది. కింద నుంచి నాకు దాని పొట్టే కనపడుతోంది. లోపల ఏముందో, దాని తల ఎటు వాలుతోందో ఆమెకే తెలియాలి. ఇంధనం నిండిందని చెప్పారు. వరదరాజులుగారు మైకు మూసి నా వైపు వంగారు.

"ఇప్పుడు ఆ మాట చెప్పాల్సింది ఆమె. ఆమె ప్రాణం దీనిమీదే ఉంది. జ్వరంలో ఉంది. నమ్మొచ్చా?"

"ఆ రోజు కూడా ఆమె ప్రాణం దానిమీదే ఉండింది సార్" అన్నాను.

ఆయన మైకు తెరిచారు.

"నూకరత్నం, ఏం కనపడుతోంది?"

చాలాసేపు ఊపిరి ఒక్కటే. ఆమె స్పృహ తప్పిందనుకున్నాను.

"పడమటి మబ్బు తల ఉత్తరానికి వాలుతంది. మీ వైపు కాదు. లోపల ఎలగలేదు. రెప్ప ఎయ్యకుండా సూసేను. దారంతా కాళీగా ఉంది." ఆగింది. "ఇప్పుడే. తరవాత నన్నడక్కండి."

నేను సరే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

రాకెట్ ముందు లేచింది, చప్పుడు తరువాత వచ్చింది. నీలంలోకి అది తెల్లటి దారం లాగుతూ పోయింది. ఆ పొగ నీడ సరస్సు మీద నల్లగా, సూటిగా పడింది, నీళ్ల మీద రోడ్డు వేసినట్టు. పాళేల గొంతులు ఒకదాని తరువాత ఒకటి దాన్ని చూశామన్నాయి. ఐదోపాళెం దాటింది. ఇక పడే భయం లేదు.

నేను బయటికి వచ్చి, మెరుపు పలకల మధ్య నేలమీద కూర్చున్నాను. పడమట ఉరిమింది.

అదే రోజు, మధ్యాహ్నం

జకరయ్య రేకును మళ్లీ మూశాడు. కానీ లేచిన తడిని ఎవరూ దింపలేరు. గాలివాన దిబ్బను ఒక చరుపు చరిచి సముద్రం మీదకు వెళ్లింది. కాటమ్మ రేడియో ఆగిపోయింది. పిలుస్తూనే ఉన్నాను.

పొద్దు వాలుతుండగా పలికింది. "ఉండామ్మే. అందరం ఉండాం. తెప్పలు నాలుగు తెగిపోయినాయి. వంగ, బెండ అంతా పోయింది. ఒక ముసలాయనకి చెయ్యి విరిగింది."

నా ఏడుపు ఆమెకు వినిపించినట్టుంది.

"ఏడవబాక" అంది. "డాక్టరమ్మ పోయిందా?"

"పోయింది."

"అయితే సరే."

విశాఖ, ఆఖరు

రాకెట్ గొడుగును చేరింది. షంషాద్ లోపలికి వెళ్లిన తరువాత రేడియో ఆపేశారు. బరువు లేని చోట కడుపు కోయడం ఎలాగో ఆమె దిబ్బ మీద నీళ్ల తొట్టిలో సాధన చేసింది. తొట్టి వేరు. నేను బెలూన్ వదిలాను. పలకలు తుడిచాను. తుడిచినవే మళ్లీ తుడిచాను. పాలమబ్బు తిరిగి వచ్చి సరస్సు మీద కూర్చుంది. అందులో నిలబడితే కాలం కదలదు. వంటమనిషి వచ్చి నా చేతిలో గిన్నె పెట్టి, తినేదాకా నిలబడింది.

పిలుపు వచ్చింది. షంషాద్ గొంతు, బాగా అలిసిపోయి ఉంది.

"పగిలింది వకుళా. నేను కోసేటప్పటికే పగలడం మొదలైంది. కడిగినాను. ఇంకొక పూట ఆలస్యమయ్యుంటే..." ఆగింది. "బతికింది. నిద్రపోతా ఉండాది. నేనూ పోతా."

అనూరాధ కార్తె

నూకరత్నం దిగివచ్చింది. షంషాద్, తిరుపాలు తోడు. కొత్త కాపరి జకరయ్యతో పైన ఉండిపోయింది. వాళ్లున్న గది పారాచూట్లకు వేలాడుతూ ఐదోపాళేనికి దగ్గర్లో పడింది. ఆ రోజు గాలి, అల నెమ్మదిగా ఉంటాయని నేనే మాట ఇచ్చాను. మరునాడు పడవలో వెళ్లాను.

పాళెం అంచున తెగిన తెప్పల దుంగలు కుప్పగా ఉన్నాయి. ఆడవాళ్లు కొత్త తెప్ప మీద మట్టి పరుస్తున్నారు. వాళ్లకు ఏం చెప్పాలో తెలియక, చీర ఎగ్గట్టి మట్టి తట్ట అందుకున్నాను. కాసేపటికి ఒక పెద్దావిడ వచ్చి నా చేతిలోంచి తట్ట లాక్కుంది. కాటమ్మ ఆమే. గొంతును బట్టి పోల్చాను.

"ఇది మేం చేసుకుంటాం గానీ, నీ మనిషి లోపలుండాది. పో."

నులకమంచం మీద ఒక చిన్న మనిషి. ఆ గొంతుకు నేను ఇన్నాళ్లూ ఎత్తరి మనిషిని, పెద్ద చేతుల మనిషిని కట్టి ఉంచాను. ఈమె జుట్టు తెల్లగా ఉంది. ఇక్కడి బరువుకు తల కూడా ఎత్తలేకపోతోంది. కళ్లు మాత్రం నన్ను పై నుంచి కిందికి, నెమ్మదిగా, దాటిపోయే మబ్బును చూసినట్టు చూశాయి.

"ఒచ్చేవా" అంది.

నేను ఊరికే నిలబడ్డాను. తరువాత "వచ్చినానక్కా" అన్నాను.

ఆమె ఊరికే చూసింది. తరువాత "సన్నగా ఉన్నావు. తినడం లేదేటి?" అంది.

నేను ఊరికే ఉన్నాను. తరువాత "తింటా ఉండాను" అన్నాను.

"ఏందిమే ఇది!" అంది గుమ్మంలోంచి కాటమ్మ. "ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్యలో ఇద్దరూ నిద్రపోతా ఉండారు. అలిగినారా?"

అలగలేదు. గొడుగు దాకా మాట వెళ్లడానికి, తిరిగి రావడానికి కొంత వ్యవధి పడుతుంది. ఏళ్ల తరబడి ప్రతి మాట తరువాత మేం దానికోసం ఆగాం. ఇప్పుడు మధ్యలో నులకమంచం అంచు తప్ప ఏమీ లేదు. అయినా ఇద్దరం ఆగుతున్నాం.

నూకరత్నానికి నాకంటే ముందు అర్థమైంది. కుట్ల మీద చెయ్యి అదిమి పట్టుకుని నవ్వింది. నవ్వు నొప్పెట్టి, కళ్లలో నీళ్లు వచ్చాయి. రెండో చెయ్యి మంచం మీదుగా, చాలా కష్టపడి, ఈడ్చుకుంటూ తెచ్చి నా మణికట్టు మీద పెట్టింది. వెచ్చగా ఉంది, బరువుగా ఉంది.

"ఇంక ఆగక్కర్లేదే" అనబోయింది.

ఆమె పూర్తి చేయకముందే నేను "అవునక్కా" అన్నాను. మా మాటలు మొదటిసారి ఒకదానికొకటి తగిలాయి.